మందుల ధర ఎవరు నిర్ణయిస్తున్నారు?

(మహిళా ఆరోగ్య కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సుకు పిలిచినప్పుడు 'స్త్రీల ఆరోగ్య హక్కులు' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయాన్ని నేను మోయలేను గానీ, అందులో ఒక ముక్క గురించి మాట్లాడతానన్నాను. అది నిజంగా ముక్కే. సగానికి విరిచిన మాత్ర ముక్క.

నేను డాక్టర్నే గానీ మందులిచ్చే డాక్టర్ని కాను, సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసినదాన్ని. కొన్నేళ్ళుగా వైద్యం ఖర్చు ఇళ్ళలో ఎవరి మీద ఎలా పడుతోందో తెలుసుకోవడానికి హైదరాబాదు శివారు బస్తీల్లోనూ, కొన్ని పల్లెల్లోనూ ఆడవాళ్ళతో మాట్లాడుతున్నాను. మొదట్లో "మందులు వాడుతున్నారా?" అని అడిగేదాన్ని. అందరూ "వాడుతున్నం మేడమ్" అనేవారు. నేను 'అవును' అని రాసుకుని వచ్చేసేదాన్ని. ఒకరోజు ఒక ఇంట్లో, ఆమె నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, మందులు చూపించమని అడిగాను. పాత బిస్కెట్ల డబ్బా తెచ్చింది. ఒక పక్క భర్త మందులు, షీట్లు షీట్లుగా ఉన్నాయి. రెండో పక్క కాగితంలో చుట్టి ఆమె మాత్రలు. అన్నీ కత్తిపీటతో సగానికి కోసినవే. కొన్ని పొడిగా రాలిపోయి ఉన్నాయి. "ఇదేంటమ్మా?" అంటే, "ఆయనకు పాణం బాగలేక పని బందైతే ఎట్ల మేడమ్? నాకు సగం చాల్తది" అంది.

ఆ రోజు నుంచి నా ప్రశ్న మారింది. "మొత్తం మాత్ర వేసుకుంటారా, సగమా? రోజూనా, రోజు మార్చి రోజా? బడి ఫీజు కట్టే నెలలో మందులు ఎవరివి ఆగుతాయి?" అలా అడిగితే వచ్చిన సమాధానాలు వేరు. నేను తిరిగిన ఇళ్ళలో మందు ఆపడానికి ఒక వరస ఉంది. ముందు అత్తగారిది ఆగుతుంది. తర్వాత ఇల్లాలిది. సంపాదించే మగవాడిదీ, పిల్లలదీ చివరన. ఎవరూ కూచుని తీర్మానం చేసిన వరస కాదు ఇది. అన్నం గిన్నెలో అడుగున మిగిలింది తినడం మనకెవరు నేర్పారో, మాత్ర సగం వేసుకోవడం కూడా వాళ్ళే నేర్పారు.

ఇంకా బాధ కలిగించేది దీని తర్వాత జరిగేది. ఆమె ఆసుపత్రికి వెళ్తుంది. బీపీ తగ్గలేదు. "మందులు సరిగా వాడటం లేదా?" అని డాక్టరు గదమాయిస్తాడు. ఆమె తలూపుతుంది. సగం వేసుకుంటున్నానని చెప్పదు, సిగ్గు. ఆయన ఈ మందు పనిచేయటం లేదనుకుని ఇంకో మందు కలిపి రాస్తాడు. చీటీ బరువు పెరుగుతుంది. ఆ నెల నుంచి రెండు మాత్రలు సగం సగం.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2007లో మొదలైనప్పటి నుంచీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. పరిస్థితి ముదిరి మంచం ఎక్కితే కార్డు పనికొస్తుంది, మంచం ఎక్కకుండా రోజూ వేసుకోవాల్సిన మాత్రకు మందుల షాపులో ఆ కార్డు చెల్లదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, నిజమే, స్టాకు ఉన్నప్పుడు, ఒక రోజు కూలి వదులుకుని వెళ్ళగలిగినప్పుడు. దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో ప్రజలు జేబులోంచి నేరుగా పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. తగ్గడం మంచిదే. కానీ ఆ లెక్కలో కొన్న మందే కనిపిస్తుంది. కొనకుండా ఊరుకున్న సగం మాత్ర ఖర్చు కింద రాదు. పైగా ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది.

సరే, ఇంత ధర ఎందుకు? ముందు బీపీ, షుగర్ వంటి పాత మందుల సంగతి చూద్దాం. వీటిలో చాలావాటికి పేటెంట్లు ఎప్పుడో తీరిపోయాయి. ఒకే మందును పదుల కంపెనీలు తయారు చేస్తాయి. అంతమంది పోటీ పడితే ధర తగ్గాలి కదా, అది కదా మార్కెట్ వాళ్ళు మనకు చెప్పే నీతి? తగ్గదు. ఎందుకంటే ఈ అంగట్లో ఎంచుకునేది ఒకరు, డబ్బిచ్చేది ఇంకొకరు. చీర కొనేటప్పుడు నాలుగు షాపులు తిరుగుతాం, బేరమాడతాం, నచ్చకపోతే లేచి వచ్చేస్తాం. మందుల షాపులో చీటీ ఇచ్చి ఎంతైందో అడుగుతాం, అంతే. చీటీలో ఉన్నది మందు పేరు కాదు, కంపెనీ పెట్టుకున్న బ్రాండు పేరు. అందుకే కంపెనీలు మన దగ్గర పోటీ పడవు, డాక్టరు గది ముందు పోటీ పడతాయి. ఓపీలో గంటల తరబడి కూచునే మనకు, బ్యాగు పట్టుకుని మన ముందే లోపలికి వెళ్ళే మెడికల్ రెప్రజెంటేటివ్‌లు బాగా తెలుసు. వాళ్ళను తప్పు పట్టి లాభం లేదు, టార్గెట్ల కింద నలిగే ఉద్యోగులు వాళ్ళు. కానీ ఆ బహుమతులకూ, ప్రయాణాలకూ, సెమినార్లకూ అయ్యే ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? ఇలాంటి బహుమతుల ఖర్చును కంపెనీలు ఆదాయపు పన్నులో మినహాయింపుగా చూపించుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. ఆ ఖర్చు చివరికి మందు ధరలో కలిసి రోగి మీదే పడుతుందని కూడా చెప్పింది. దీన్ని ఆపడానికి ప్రభుత్వం 2014లో ఒక నియమావళి తెచ్చింది, అది స్వచ్ఛందం. 2024లో దాన్ని మార్చి మళ్ళీ తెచ్చింది. ఫిర్యాదు వస్తే మొదట విచారించేది కంపెనీల సంఘాల కమిటీలే. అత్తగారి మీద ఫిర్యాదును అత్తగారి అక్కచెల్లెళ్ళ దగ్గరే పెట్టుకోమన్నట్టు.

ధరల నియంత్రణ లేదా అని అడుగుతారు. ఉంది. దాని కథ తరుగుదల కథ. 1979 నాటి ఉత్తర్వు కింద 347 ముడి మందుల మీద నియంత్రణ ఉండేది. 1987లో అవి 142కు దిగాయి. సరళీకరణ తర్వాత, 1995లో, 74 అయ్యాయి. ఆరోగ్య ఉద్యమాల వాళ్ళు 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళి పదేళ్ళు పోరాడితే, 2013లో కొత్త ఉత్తర్వు వచ్చింది. అత్యవసర మందుల జాబితాలో ఉన్న వాటన్నిటికీ గరిష్ట ధర పెట్టారు. జాబితా పెరిగింది కదా అని సంతోషించే లోపల లెక్క మార్చేశారు. అంతకుముందు మందు తయారు చేయడానికి ఎంతైందో చూసి, దాని మీద కొంత కలిపి ధర కట్టేవారు. ఇప్పుడు మార్కెట్లో కనీసం ఒక శాతం వాటా ఉన్న బ్రాండ్ల ధరలన్నీ కూడి, సగటు తీసి, దాని మీద షాపు వాడికి 16 శాతం కలిపి, అదే గరిష్ట ధర అంటున్నారు. అంటే ఖర్చు ఎంతన్న ప్రశ్నే పోయింది. ఎక్కువకు అమ్ముతున్న వాళ్ళ సగటుకే 'నియంత్రణ' అని పేరు పెట్టారు. జాబితాలో ఉన్న వాటికి టోకు ధరల సూచీ ప్రకారం ఏటా పెంపు ఉంటుంది. 2022లో అది 10 శాతం దాటింది, 2023లో 12 శాతం దాటింది. జాబితాలో లేని వాటిని కంపెనీలు ఎవర్నీ అడగకుండా ఏడాదికి 10 శాతం పెంచుకోవచ్చు. మనలో ఎంతమంది జీతాలు అడగకుండానే ఏటా 10 శాతం పెరుగుతున్నాయో చేతులెత్తమంటే బాగుండదు.

ఇదే మందును ప్రభుత్వం టెండరు పిలిచి ఒకేసారి కొంటే ఎంత చవకగా వస్తుందో తమిళనాడు చూపించింది. 1994లో అక్కడ మందుల కొనుగోలుకు ఒక కార్పొరేషన్ పెట్టారు. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి సంస్థలున్నాయి, వాటి పనితీరు గురించి మీకే ఎక్కువ తెలుసు. జనరిక్ మందుల షాపులు కూడా 2008 నుంచి వస్తున్నాయి. "అవి పనిచేస్తాయా?" అని మన సంఘాల్లో వాళ్ళే నన్ను అడుగుతారు. ఆ అనుమానాన్ని కొట్టిపారెయ్యను. మందుల నాణ్యత తనిఖీ మన దేశంలో బలహీనంగా ఉంది. కానీ ఆ బలహీనత బ్రాండు మందులకూ వర్తిస్తుంది. ఖరీదు నాణ్యతకు గుర్తు కాదు.

ఇప్పుడు రెండో రకం మందులు, పేటెంటు ఉన్నవి. ఇక్కడ ఒక సొంత విషయం చెప్పాలి. మా పెద్దమ్మ కూతురికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషనూ, కీమోథెరపీ అయ్యాక, ఆమె తరహా క్యాన్సర్‌కి ఒక ఖరీదైన ఇంజెక్షన్ ఉందని చాలా ఆలస్యంగా, అదీ మేం గుచ్చి గుచ్చి అడిగితే తెలిసింది. "మీరు పెట్టుకోలేరు కదా అని చెప్పలేదు" అన్నాడా డాక్టరు. చెడ్డవాడేం కాదు, జాలిపడే మాట్లాడాడు. బావగారు స్థలం అమ్మారు. కొన్ని ఇంజెక్షన్లు అయ్యాక అక్కే ఆపేసింది. "పిల్లదాని చదువు అమ్ముకుని నేను బతకాలా?" అంది. నేనప్పుడు ఏమీ అనలేకపోయాను. హక్కుల గురించి సభల్లో మాట్లాడేదాన్ని. మా అక్కకు మాత్రం జవాబు చెప్పలేదు. ఆమె త్యాగమూర్తి అని ఇప్పటికీ చుట్టాలంతా పొగుడుతారు. ఆ పొగడ్త వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక కంపెనీ వేసిన ధరను మనం త్యాగం అని పిలుస్తున్నాం.

ఈ ధర ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1970 పేటెంట్ల చట్టం మన దేశంలో మందు మీద పేటెంటు ఇవ్వలేదు, తయారుచేసే పద్ధతి మీదే ఇచ్చింది, అదీ కొద్ది సంవత్సరాలకు. ఇంకో పద్ధతిలో అదే మందు ఎవరైనా చేసుకోవచ్చు. బాలానగర్‌లోని ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చిన శాస్త్రవేత్తలు హైదరాబాదు చుట్టూ పరిశ్రమలు పెట్టగలిగింది ఆ చట్టం నీడలోనే. 2001లో సిప్లా కంపెనీ ఎయిడ్స్ మందుల్ని మనిషికి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానన్నప్పుడు, పాశ్చాత్య కంపెనీల ధర 10 వేల డాలర్ల పైన ఉండేది. ఆఫ్రికాలో లక్షలాది ప్రాణాలు నిలిచింది ఈ దేశపు మందులతో.

నేను బడిలో చదువుకునే రోజుల్లో డంకెల్ ముసాయిదాకు వ్యతిరేకంగా ఊరేగింపులు జరిగేవి. విత్తనాల గురించి ఎక్కువ విన్నాం, మందుల గురించి తక్కువ. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక, 2005 జనవరి 1 నుంచి మన దేశం కూడా మందు మీదే 20 ఏళ్ళ పేటెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. 20 ఏళ్ళపాటు ఒక్క కంపెనీయే. దాని ధరే ధర.

అదృష్టవశాత్తూ పార్లమెంటులో, బయటా జరిగిన పోరాటం వల్ల ఆ చట్టంలో కొన్ని కిటికీలు మిగిలాయి. ఒకటి, పాత మందును కాస్త మార్చి కొత్త పేటెంటు తీసుకోకుండా ఆపే సెక్షన్ 3(డి). రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో నోవార్టిస్ వేసిన కేసును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టేసింది దీని ఆధారంగానే. రెండోది కంపల్సరీ లైసెన్సు. సొరాఫెనిబ్ అని కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్ మందు. బేయర్ కంపెనీ దాన్ని నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలకు అమ్మేది. అవసరమైన రోగుల్లో రెండు శాతానికి కాస్త పైగా మాత్రమే దాన్ని పొందగలిగారని తేలింది. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీకి లైసెన్సు ఇచ్చి, నెలకు 8,880 రూపాయలు మించకూడదన్నాడు. బేయర్‌కు రాయల్టీ కూడా ఇప్పించాడు. 2 లక్షల 80 వేలు ఎక్కడ, 8,880 ఎక్కడ? మందు అదే. మారింది ఒక్క సంతకం. ఆ తర్వాత మన దేశంలో అలాంటి లైసెన్సు ఇంకొకటి రాలేదు.

ఎందుకు రాలేదో అడగడానికే కేరళలో ఒకామె కోర్టుకెక్కింది. రొమ్ము క్యాన్సర్, పింఛను మీద బతికే మధ్యతరగతి మనిషి. ఆమె వాడాల్సిన రైబోసిక్లిబ్ మాత్రలకే నెలకు 58 వేల రూపాయల దాకా. పేటెంటు ఉన్నందున ఇంకెవరూ తయారు చేయకూడదు. ప్రభుత్వం తన అధికారం వాడి చవకగా తయారు చేయించాలని 2022లో కేరళ హైకోర్టును అడిగింది. కేసు నడుస్తుండగానే చనిపోయింది. ఇది ఒక్కరి సమస్య కాదని కోర్టు ఆ కేసును తనంతట తానే కొనసాగించింది. ఆమె అడిగిన అధికారం చట్టంలో ఉంది: సెక్షన్ 92, సెక్షన్ 100. ప్రభుత్వం తన అవసరానికి పేటెంటు ఉన్న మందును ఎవరిచేతైనా తయారు చేయించవచ్చు. వాడకపోతే తుప్పు పట్టే కొడవలి లాంటిది ఆ సెక్షను. ఇదే కుటుంబానికి చెందిన ఇంకో రొమ్ము క్యాన్సర్ మందు, పాల్బోసిక్లిబ్ పేటెంటు 2023 జనవరిలో తీరిపోగానే భారతీయ కంపెనీలు దిగాయి, ధర నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. 2022లో ఆ మందు అవసరమైన వాళ్ళలో 2023 దాకా ఆగగలిగిన వాళ్ళు ఎందరు?

పరిశోధనకు ఖర్చవుతుంది కదా అని మనలోనే కొందరు అంటారు. అవుతుంది. కానీ ఆ ఖర్చును బట్టే ధర వేస్తారా అన్నది అమెరికాలోనే తేలింది. హెపటైటిస్-సి మందు సొఫోస్బువిర్‌కు అక్కడ 2013లో కోర్సుకు 84 వేల డాలర్ల ధర పెట్టారు, మాత్రకు వెయ్యి డాలర్లు. అమెరికన్ సెనేట్ కమిటీ కంపెనీ కాగితాలు తెప్పించి చూసి, ఆ ధర ఎక్కువ రాబడి కోసం లెక్కగట్టినదేనని 2015లో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది నాట్కో అదే మందును 28 మాత్రల సీసా 19,900 రూపాయలకు అమ్మింది. కోర్సుకు మూడు సీసాలు. తర్వాత ఇంకా తగ్గింది.

నాట్కో పేరు ఇన్నిసార్లు తీశానని దాన్ని నెత్తిన పెట్టుకోమనటం లేదు. అది కూడా లాభం కోసం ఉన్న కంపెనీయే. హైదరాబాదు చవక మందుల రాజధాని అయిన క్రమంలో పటాన్‌చెరు పల్లెలు నక్కవాగు నీళ్ళతో మూల్యం చెల్లించాయి. ఆ నీళ్ళు మోసిందీ ఆడవాళ్ళే. అది ఇంకో సభకు విషయం.

పటాన్‌చెరు అన్నాను గనక ఒక మాట. 1985లో అక్కడే నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ని పేద ఆడవాళ్ళ మీద, వాళ్ళకు సరిగా చెప్పకుండా ప్రయోగించబోతే, స్త్రీశక్తి సంఘటన వాళ్ళు అడ్డుపడ్డారు, 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. అప్పుడు మన పోరాటం అక్కర్లేని మందు మన ఒంట్లోకి ఎక్కించకుండా. అందుకే మందుల కంపెనీ అనగానే మనకు 'వద్దు' అనడం బాగా అలవాటు. కావాల్సిన మందు అడగడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. మా అక్క దగ్గర నేను మూగనవడానికి అది కూడా కారణమేమో. రెండు చోట్లా ప్రశ్న ఒకటే: ఏ మందు, ఎవరికి, ఎంతకు అని నిర్ణయించే గదిలో మనం లేం.

చేయగలిగిన పని ఒకటి మొదలుపెట్టాను. మాట్లాడిన ప్రతి ఇంట్లోనూ, వాళ్ళు ఒప్పుకుంటే, మందుల చీటీకీ బిల్లుకీ నకలు తీసుకుంటున్నాను, పేర్లు కొట్టేసి. వెనకాల ఆమె మాటల్లోనే రాస్తున్నాను: ఎన్ని రాశారు, ఎన్ని కొన్నారు, ఎన్ని వేసుకున్నారు. మూడు అంకెలు. పొదుపు సంఘం మీటింగుల్లో మీరూ ఈ మూడు అడగండి. ఆశా కార్యకర్తలు ఇక్కడ ఉన్నారు, మీ కేంద్రంలో ఏ మందు ఎన్ని రోజులు లేదో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. ధరల సంస్థకు అర్జీ పెట్టాలన్నా, సెక్షన్ 100 వాడమని ప్రభుత్వాన్ని అడగాలన్నా, లాయరు మొదట అడిగేది ఆ కాగితాలే.

నా దగ్గరున్న నకళ్ళు ఆ గుడ్డసంచిలో ఉన్నాయి. టీ తాగేటప్పుడు తిరగెయ్యండి. బిస్కెట్ల డబ్బా ఆమె చీటీ అన్నిటికన్నా పైనే ఉంది. నాలుగు మందులు రాశారు, రెండు కొంది. వేసుకున్నది ఎంతో వెనకవైపు చూడండి.